1937 నాటి క్రైమ్ క్లబ్ నవల: ఫస్ట్ ఎడిషనా, తర్వాతి ముద్రణా? ఎలా తేల్చాలి?

గోదారి_పాఠకుడు

అందరికీ నమస్కారం. ఇంగ్లండులో ఒక పాత పుస్తకాల వ్యాపారి దగ్గర అగాథా క్రిస్టీ ‘డెత్ ఆన్ ది నైల్’ అమ్మకానికి ఉంది. కాలిన్స్ క్రైమ్ క్లబ్ (కాలిన్స్ సంస్థ డిటెక్టివ్ నవలల వరస) ప్రచురణ. నారింజ రంగు క్లాత్ అట్ట, నల్లటి అక్షరాలు. కాపీరైట్ పేజీలో 1937 అని ఉంది గానీ ‘ఫస్ట్ ఎడిషన్’ అన్న మాట ఎక్కడా లేదు. డస్ట్ జాకెట్ (అట్ట మీద తొడిగే విడి కాగితం) ఉంది, దాని ముందు మడత కింది మూల కత్తిరించి ఉంది. ‘వెరీ గుడ్/గుడ్’ అని రాశారు.

ఇది నిజంగా మొదటి ముద్రణేనా అని ఫొటోల్లోంచి ఎంతవరకు తేల్చవచ్చు? జాకెట్ అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? కొంటే పుస్తకం కాకినాడలో ఉంటుంది, ఇక్కడి తేమకు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

పాతపుటలు

గోదారి గారూ, ‘ఫస్ట్’ అన్న మాట లేకపోవడం ఇక్కడ లోపం కాదు. 1930లలో కాలిన్స్ వాళ్లు మామూలుగా మొదటి ముద్రణలో ఆ మాట వేసేవారు కాదు. మళ్లీ అచ్చు వేసినప్పుడు ‘రీప్రింటెడ్’ అనో, చౌక ముద్రణ అనో ఒక వరస చేర్చేవారు. గొలాంజ్ అనే మరో బ్రిటిష్ ప్రచురణకర్తదీ ఇదే పద్ధతి. మొదటిదాని మీద ఏమీ ఉండదు, రెండోసారి వేస్తే ‘సెకండ్ ఇంప్రెషన్’ అని ఉంటుంది. కాబట్టి ఆ పేజీలో మీరు చూడాల్సింది ఏముందని కాదు, ఏం లేదని. ఇబ్బంది ఎక్కడంటే, కొన్ని రీప్రింట్లలో ఆ వరస కూడా వేయలేదు. అందుకే కాపీరైట్ పేజీ ఒక్కటి చూసి డబ్బు పంపకండి.

నేను ఎక్కువగా నమ్మేది ప్రకటనల పరీక్ష. టైటిల్ పేజీకి ఎదురుగానో వెనకో ‘ఇదే రచయిత్రి ఇతర నవలలు’ అని జాబితా ఉంటుంది. పుస్తకం చివర క్రైమ్ క్లబ్ ప్రకటనల పేజీలు ఉండవచ్చు. జాకెట్ వెనకవైపు, మడతల మీద కూడా పేర్లుంటాయి. వాటిలో ప్రతి పేరుకూ వెలువడిన ఏడాది వేసుకోండి. ‘డెత్ ఆన్ ది నైల్’ 1937 నవంబరులో వచ్చింది. అదే ఏడాది దానికి ముందు ‘మర్డర్ ఇన్ ది మ్యూస్’, ‘డంబ్ విట్‌నెస్’ వచ్చాయి, ఆ పేర్లుంటే ఇబ్బంది లేదు. ‘అపాయింట్‌మెంట్ విత్ డెత్’ గానీ ‘హెర్క్యూల్ పొయిరోస్ క్రిస్మస్’ గానీ కనిపిస్తే, రెండూ 1938వి కాబట్టి ఆ కాగితం తర్వాత అచ్చయినదే. త్వరలో రాబోతోందని వేసిన ప్రకటన అయితే వేరు సంగతి, మాటలు పూర్తిగా చదవండి. ఇది మోసానికి లొంగని పరీక్ష. అమ్మేవాడు అట్ట మార్చగలడు, జాకెట్ మార్చగలడు, ఫారంలో (ఒకేసారి అచ్చువేసి మడిచే పేజీల కట్టలో) కలిసి అచ్చయిన జాబితాను మార్చలేడు.

నారింజ క్లాత్ చూసి నిశ్చయానికి రావద్దు. ఆ కాలపు క్రైమ్ క్లబ్ మొదటి ముద్రణలు చాలావరకు అదే రంగు, కానీ రీప్రింట్లకు కూడా దగ్గర రంగు క్లాత్ వాడారు. కాగితం, మందం మాత్రం కొంత చెబుతాయి. చౌక ముద్రణలు తరచు పలచగా, కాస్త చిన్నగా ఉంటాయి. యుద్ధకాలపు ముద్రణ అయితే కాపీరైట్ పేజీలో ‘వార్ ఎకానమీ స్టాండర్డ్’ ముద్ర ఉండవచ్చు. ఆ ఒప్పందం 1942లో అమలులోకి వచ్చింది. 1937 అని రాసి అమ్మే పుస్తకంలో ఆ సింహం బొమ్మ కనిపిస్తే ఇక మాట్లాడాల్సిన పని లేదు.

ఇంకొకటి, మన దేశంలో దొరికే ప్రతులకు ఇది ముఖ్యం. బ్రిటిష్ ప్రచురణకర్తలు భారతదేశానికీ ఇతర వలసలకూ విడిగా ‘కలోనియల్ ఎడిషన్’ పంపేవారు. లోపలి ఫారాలు చాలాసార్లు లండన్ ప్రతివే అయినా టైటిల్ పేజీ, అట్ట, వెల వేరు. షెర్లాక్ హోమ్స్ నవల ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ కూడా 1902లోనే లాంగ్‌మన్స్ కలోనియల్ లైబ్రరీలో వచ్చింది. దానికి తనదైన విలువ ఉంది, సేకరించేవాళ్లూ ఉన్నారు, కానీ న్యూన్స్ ప్రచురించిన లండన్ మొదటి ముద్రణ స్థానంలో దాన్ని పెట్టలేం. మద్రాసు, బెంగళూరు పాత షాపుల ముద్ర ఉన్న పుస్తకం ఎదురైతే టైటిల్ పేజీ రెండువైపులా చదివి తీరాలి.

ఆ వ్యాపారిని ఈ ఫొటోలు అడగండి: టైటిల్ పేజీ, దాని వెనక, రచయిత్రి జాబితా, చివరి అచ్చు పేజీ తర్వాత ఉన్న ప్రతి పేజీ, ముందు వెనక పలక కాగితాలు (అట్ట లోపలివైపు అంటించే కాగితాలు), జాకెట్ తీసి పరిచి రెండువైపులా, అట్ట వెన్ను పైచివర, కిందిచివర. నిజాయితీపరుడు ఇవన్నీ విసుక్కోకుండా పంపుతాడు. పేజీలు వరసగా లెక్కపెట్టి చూశారా అని కూడా అడగండి. హాఫ్ టైటిల్ కాగితం (టైటిల్ పేజీకి ముందు పుస్తకం పేరు మాత్రమే ఉండేది) చింపేసిన ప్రతులు చాలా ఉంటాయి, ఎందుకంటే పాత యజమాని పేరు ఒక్కోసారి అక్కడ ఉంటుంది.

లూప్_మాస్టారు

జాకెట్ గురించి నేను చెబుతాను. 1930ల నవలల్లో వెలలో పెద్ద వాటా జాకెట్‌దే. జాకెట్ ఉన్న ప్రతికీ లేని ప్రతికీ ధర ఎన్నో రెట్లు తేడా. అందుకే మోసమంతా అక్కడే జరుగుతుంది.

ముందు మీరన్న కత్తెర సంగతి. బహుమతిగా ఇచ్చేటప్పుడు వెల కనబడకుండా మూల కత్తిరించడం ఆ రోజుల్లో మామూలే, దాంతో విలువ కొంత తగ్గుతుంది, అంతే. అయితే రీప్రింట్ జాకెట్ మీది తక్కువ వెలను దాచడానికి కూడా కత్తిరిస్తారు. క్రైమ్ క్లబ్ వాటితో ఒక వెసులుబాటు ఉంది. వెలను తరచు వెన్ను కింద కూడా అచ్చు వేశారు. మొదటి ముద్రణ వెల 7 షిల్లింగుల 6 పెన్నీలు, అంటే ‘7/6’. రీప్రింట్ల మీద అంతకు తక్కువ ఉంటుంది. వెన్ను కిందిభాగం చిరిగిపోయి, దానికి తోడు మడత మూల కూడా లేకపోతే వెల చెప్పే ఆధారం రెండుచోట్లా పోయినట్టే. అప్పుడు అది తర్వాతి ముద్రణ జాకెట్ అనుకునే బేరం మొదలుపెట్టండి.

ఇప్పుడు ఫాక్సిమిలీలు, అంటే నకళ్లు. ఈ నవలలకు అచ్చం అసలులా కనిపించే నకలు జాకెట్లు బహిరంగంగానే అమ్ముతారు, అది తప్పు కాదు. మర్యాదగల తయారీదారు మడత మీద ‘ఫాక్సిమిలీ’ అని వేస్తాడు. ఆ మాటను కత్తిరించి అసలుదని అమ్మేవాళ్లతోనే చిక్కు. మీ ప్రతిలో కత్తిరించినది కింది మూల కాబట్టి ఇది కూడా మనసులో పెట్టుకోండి.

పుస్తకం చేతిలో ఉంటే 10 రెట్ల లూప్‌తో (చిన్న భూతద్దంతో) నల్ల అక్షరాల అంచు చూడండి. పాత జాకెట్‌లో అక్షరం ఒకే సిరాతో గట్టిగా పడి ఉంటుంది, అంచు నిండుగా ఉంటుంది. స్కాన్ చేసి వేసిన నకలులో అక్షరం చుట్టూ కూడా నీలం, ఎరుపు, పసుపు చుక్కల పొడి కనిపిస్తుంది. తర్వాత గది చీకటి చేసి 365 నానోమీటర్ల యూవీ టార్చి వేయండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950 ప్రాంతం నుంచే వాడుకలోకి వచ్చాయి. 1937 కాగితం మసకగా, పసుపు గోధుమ రంగులో ఉండిపోవాలి. నీలితెలుపుగా వెలిగితే అది కొత్త కాగితం, లేదా ఎవరో కొత్త కాగితంతో అతుకు వేశారు. ఒక హెచ్చరిక: వెలగలేదని అసలుదైపోదు. ఆ రసాయనం లేని కాగితం మీద అచ్చు వేసే తెలివైనవాళ్లూ ఉన్నారు. ఈ పరీక్ష దోషిని పట్టిస్తుందే గానీ ఎవరినీ నిర్దోషిగా తేల్చదు.

ఫొటోల్లోనే పట్టుకోగల గుర్తు ఒకటి ఉంది. దశాబ్దాలపాటు జాకెట్ తొడిగి ఉన్న పుస్తకంలో మడత కప్పిన మేరకు పలక కాగితం రంగు ఒక రకంగా, కప్పని మేర ఇంకో రకంగా మారుతుంది. ఆ నీడ వెడల్పూ మడత వెడల్పూ సరిపోవాలి. జాకెట్ వెన్ను మీద చిరుగు ఉంటే, ఆ చోట క్లాత్ ఎండకు వెలిసి ఉండాలి. జాకెట్ నిండుగా ఉండి కింద క్లాత్ వెన్ను మాత్రం బాగా వెలిసిపోతే ఆ రెండూ చిన్నప్పటి నుంచి కలిసి పెరిగినవి కావు.

గ్రేడు సంగతి: గీతకు ముందున్నది పుస్తకానికి, తర్వాతది జాకెట్‌కి. ‘గుడ్’ అని వేస్తే ముక్కలు ఊడినవి, చిరుగులు, మరకలు ఉంటాయని ముందే అనుకోండి. బాగున్నవాటికి ‘నియర్ ఫైన్’, ‘ఫైన్’ అంటారు. జాకెట్‌కి మరమ్మతు చేయించారా అని విడిగా అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. రంగు పూసి, ఊడిన ముక్కల చోట కాగితం నింపిన జాకెట్ దూరానికి ‘ఫైన్’ లాగే ఉంటుంది. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే అతుకులు తెలుస్తాయి.

గోదారి_పాఠకుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫొటోలు వచ్చాయి. లోపల రచయిత్రి జాబితా ‘డంబ్ విట్‌నెస్’ దగ్గర ఆగింది, ‘రీప్రింటెడ్’ ఎక్కడా లేదు. కానీ జాకెట్ వెనక మడత మీద ‘అపాయింట్‌మెంట్ విత్ డెత్’ పేరుంది, పక్కనే దానిమీద వచ్చిన పత్రికల సమీక్ష వాక్యాలు కూడా ఉన్నాయి. వెన్ను కింద చిన్న ముక్క ఊడిపోయింది, అక్కడ వెల లేదు.

లూప్_మాస్టారు

సమీక్ష వాక్యాలు ఉన్నాయంటే రాబోయే పుస్తకం ప్రకటన కాదు. ఆ నవల 1938లో వెలువడ్డాక అచ్చయిన జాకెట్ ఇది. పుస్తకం మొదటి ముద్రణే అయి ఉండవచ్చు, జాకెట్ మాత్రం తర్వాతి ముద్రణది తెచ్చి తొడిగారు. సేకరించేవాళ్లు దీన్ని ‘మ్యారీడ్’ ప్రతి అంటారు. వ్యాపారి తెలిసే చేశాడని అనలేం, ముందటి యజమాని చేసి ఉండవచ్చు. బేరం మాత్రం ఒక్కటే పద్ధతి: జాకెట్ లేని మొదటి ముద్రణకు ఎంత ఇస్తారో అంత, దాని మీద రీప్రింట్ జాకెట్‌కి కాస్త. రాబిన్ మెకార్ట్‌నీ గీసిన బొమ్మ రీప్రింట్ జాకెట్ మీదైనా అందంగానే ఉంటుంది, ఆ ధరకు వస్తే తీసుకోదగ్గదే.

ధర చూసేటప్పుడు వెబ్‌సైట్లలో అడుగుతున్న ధరలు పట్టించుకోకండి, అమ్ముడుపోని పుస్తకమే ఏళ్లతరబడి అక్కడ కనిపిస్తుంది. వేలంలో నిజంగా పలికిన ధరలు వెతకండి. సుత్తి దెబ్బ ధరకు (పాట ముగిసిన ధరకు) కొనుగోలుదారు కమిషన్ కలుస్తుంది, అది నాలుగో వంతు దాకా, ఒక్కోసారి పైన కూడా ఉంటుంది. తర్వాత తపాలా, బీమా, ఇక్కడి దిగుమతి సుంకం. అన్నీ కలిపి పోల్చండి.

సుల్తాన్‌బజార్

అన్నలూ, నాదో ప్రశ్న. షెర్లాక్ హోమ్స్ పుస్తకాలకు, అమెరికా నవలలకు కూడా ఇదే లెక్కనా?

పాతపుటలు

లెక్క ఒకటే తమ్ముడూ, గుర్తులు వేరు. హోమ్స్ పుస్తకాల కాలంలో జాకెట్ మిగలడం అపురూపం, కాబట్టి అక్కడ అచ్చుతప్పులే సాక్ష్యం. ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్’ 1892 మొదటి ఇష్యూలో (తప్పులు దిద్దకముందు అమ్మిన తొలి ప్రతుల్లో) అట్ట మీది బొమ్మలో వీధి పేరు పలక ఖాళీగా ఉంటుంది. 317వ పేజీలో ‘వయొలెట్ హంటర్’ పేరు ‘వయొలెంట్’ అని పడింది. ‘హౌండ్’ 1902లో 13వ పేజీ మూడో వరసలో ‘యువర్’ ఉండాల్సిన చోట ‘యు’ ఉంది. సిడ్నీ పాజెట్ బొమ్మలు ముఖచిత్రంతో కలిపి 16 ఉండాలి, ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. బొమ్మలు చింపి ఫ్రేము కట్టించినవాళ్లు తక్కువేం లేరు.

అమెరికాలో ఒక్కో ప్రచురణకర్తది ఒక్కో తీరు. డబుల్‌డే క్రైమ్ క్లబ్ అనేది కాలిన్స్ దానితో సంబంధం లేని వేరే సంస్థ, 1928లో మొదలైంది. వాళ్లు మొదటి ముద్రణ మీద ‘ఫస్ట్ ఎడిషన్’ అని వేసేవారు. క్రిస్టీని అక్కడ వేసిన డాడ్ మీడ్ అలా వేయలేదు. హార్పర్ వాళ్లు ఆ మాటతోపాటు రెండక్షరాల సంకేతం కూడా వేశారు. మొదటి అక్షరం నెల, రెండోది ఏడాది. జనవరికి ‘ఎ’ తో మొదలై, ‘జె’ వదిలేసి, డిసెంబరుకు ‘ఎం’. ఏడాదికి 1912 ‘ఎం’, అలా సాగి 1925 ‘జడ్’, 1926 మళ్లీ ‘ఎ’. ‘బి-ఇ’ అంటే 1930 ఫిబ్రవరి. ఫస్ట్ ఎడిషన్ అని ఉండి, సంకేతం కాపీరైట్ ఏడాదికి చాలా తర్వాతిదైతే ఆగి ఆలోచించాలి. జాన్ డిక్సన్ కార్ మొదటి నవల ‘ఇట్ వాక్స్ బై నైట్’ 1930లో హార్పర్ ‘సీల్డ్ మిస్టరీ’గా వచ్చింది. చివరి భాగానికి పలచటి కాగితంతో సీలు వేసి, సీలు చింపకుండా తిరిగిస్తే డబ్బు వాపసు అన్నారు. ఆ సీలు చెక్కుచెదరకుండా ఉన్న ప్రతి దొరికితే దయచేసి చింపకండి, చదవడానికి వేరే ప్రతి కొనుక్కోండి.

ఏ దేశంలో ముందు వచ్చిందో కూడా చూసుకోవాలి. క్రిస్టీ మొదటి నవల ‘ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్’ అమెరికాలో 1920లో, ఇంగ్లండులో 1921లో వచ్చింది. ‘త్రీ యాక్ట్ ట్రాజెడీ’ అమెరికాలో 1934లోనే వేరే పేరుతో వెలువడింది, లండన్ ప్రతి 1935ది. తేదీ ప్రకారం పోయేవాళ్లు అమెరికా ప్రతి కొంటారు, రచయిత దేశాన్ని పట్టుకునేవాళ్లు లండన్‌దే కొంటారు. నాకు రెండో పద్ధతే ఇష్టం, క్రిస్టీ అంటే కాలిన్స్ అన్న బంధం అలాంటిది. అయితే అమ్మేవాడు మాత్రం ఏది ముందో దాచకూడదు.

డబ్బు తక్కువగా ఉంటే ఆబిడ్స్ ఆదివారం పేవ్‌మెంట్ల మీద ఆకుపచ్చ పెంగ్విన్‌లు (ఆకుపచ్చ అట్ట ఉన్న పెంగ్విన్ పేపర్‌బ్యాక్ డిటెక్టివ్ నవలలు) వెతుకు. అవి నవలకు మొదటి ముద్రణలు కావు, పెంగ్విన్‌లో మొదటివి. 1935లో వచ్చిన మొదటి పదింటిలోనే క్రిస్టీ, డొరొతీ సేయర్స్ ఉన్నారు. కాపీరైట్ పేజీలో పెంగ్విన్‌లో తొలిసారి వేసిన ఏడాది, కింద రీప్రింట్ల వరస ఉంటాయి, కన్ను సాధన కావడానికి అంతకంటే చవకైన బడి లేదు.

బీరువా_కాపలా

కాకినాడ తేమ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను.

పుస్తకాల దగ్గర తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మేలు. 65 దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు పడుతుంది. చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ (తేమ కొలిచే పరికరం) కొని బీరువా లోపల పెట్టండి, గదిలో కాదు. మూసిన బీరువాలో గాలి ఆడకపోతే లోపలి లెక్క వేరుగా ఉంటుంది. వానపడే వైపు గోడకు బీరువా ఆనించకండి, నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. సిలికా జెల్ వాడితే రంగు మారగానే వేడి చేసి తేమ పోగొట్టాలి. తేమ పీల్చేసిన జెల్ లోపల పడి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అలాగని తేమను 40 కంటే కిందికి దించకండి, జిగురు పెళుసెక్కి వెన్ను విరుగుతుంది.

కలరా ఉండలు వద్దు. వాసన కాగితంలోకి ఎక్కి పోదు, మనిషికీ మంచిది కాదు. పురుగు పట్టిన పుస్తకం వస్తే మందపాటి పాలిథిన్ సంచిలో గాలి తీసి సీలు చేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. మైనస్ 20 డిగ్రీలకు దిగేదైతే ఒక వారం, ఇంటి ఫ్రిజ్ పైఅర అయితే అంత చల్లబడదు కాబట్టి నమ్ముకోవద్దు. తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా గదిలో ఉంచాలి. వెంటనే విప్పితే గాలిలోని తేమ చల్లటి అట్ట మీద నీరై దిగుతుంది.

జాకెట్‌కి పాలియెస్టర్ ఫిల్మ్ కవరు వేయండి, మైలార్ అని అడిగితే ఇస్తారు. పీవీసీ ప్లాస్టిక్ కొన్నేళ్లకు జిడ్డెక్కి సిరాను లాగేస్తుంది. లామినేషన్, సెల్లోటేపు రెండూ జాకెట్‌ని చంపేవే. నారింజ క్లాత్‌ని తడిగుడ్డతో అసలు తుడవకండి, ఆ రంగు నీటికి కదిలి మరక పడుతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో, పుస్తకం గట్టిగా మూసి పట్టుకుని, పై అంచు మీద వెన్ను వైపు నుంచి బయటికి దులపండి. గోధుమ రంగు మచ్చలు పోగొడతామని బ్లీచింగ్ చేసేవాళ్ల చేతికి ఇవ్వద్దు.

పార్సిల్ సంగతి కూడా ముందే రాయండి: పుస్తకానికి రెండువైపులా అట్టపెట్టె ముక్కలు, పైన బబుల్ ర్యాప్, పెట్టెలో మరో పెట్టె. వానాకాలంలో అయితే లోపల పాలిథిన్ చుట్ట తప్పనిసరి. ఇంటికి రాగానే మిగతా పుస్తకాలతో కలపకుండా రెండు మూడు వారాలు విడిగా ఉంచి, కింద తెల్ల కాగితం పరిచి చూడండి. పొడి రాలితే లోపల పురుగుంది.

అచ్చుఫారం

మన తెలుగు డిటెక్టివ్ నవలలు సేకరించేవాళ్లు కూడా ఇక్కడ ఉంటారని ఒక మాట. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలల వంటివి పదేపదే అచ్చయ్యాయి, తర్వాతి ముద్రణల్లో పాత వివరాలు వేయనివి చాలా ఉన్నాయి. ‘ప్రథమ ముద్రణ’ అని నెల, ఏడాది, ప్రతుల సంఖ్య, ప్రెస్సు పేరు ఉంటే అదృష్టం. లేకపోతే వెల చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందు, లేదా ఆ చుట్టుపక్కల. ‘న.పై.’ (నయా పైసలు) అని ఉంటే 1957కీ 1964కీ మధ్య, ఎందుకంటే 1964 జూన్ నుంచి ‘నయా’ తీసేసి పైసలే అన్నారు. ప్రచురణకర్త చిరునామాలో ‘విజయవాడ-2’ లాంటి చిన్న అంకె కాకుండా ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15కి ముందుది కాదు. అట్ట మీద రబ్బరు స్టాంపుతో మార్చిన వెలను లెక్కలోకి తీసుకోకండి, అచ్చయిన వెలే సాక్ష్యం.

అద్దె లైబ్రరీ ప్రతులతో ఇంకో జాగ్రత్త. పక్కనుంచి దబ్బనంతో కుట్టి, అట్ట మీద అట్ట అతికించి, అంచులు మళ్లీ కోయించేవారు. ఆ కోతలో పేజీ అంకెలు, ఒక్కోసారి చివరి వరసలు కూడా పోతాయి. అతికించిన అట్ట కింద అసలు రంగుల ముఖచిత్రం ఉందేమో అంచు దగ్గర చూడండి. ఉంటే నీళ్లతో నానబెట్టి ఊడదీయాలని చూడకండి, న్యూస్‌ప్రింట్ అట్టతో పాటే లేచి వస్తుంది. కాగితాల మరమ్మతు నేర్చినవాళ్లకే ఇవ్వండి, అప్పటిదాకా ఉన్నదున్నట్టు ఉంచి ఆమ్లం లేని కాగితంలో చుట్టి పడుకోబెట్టండి, నిలబెట్టవద్దు.